జెయింట్ గని: యెల్లోనైఫ్ నేల కింద 2 లక్షల 37 వేల టన్నుల పాషాణం

కెనడా వాయవ్య భూభాగాలకు రాజధాని యెల్లోనైఫ్. గ్రేట్ స్లేవ్ సరస్సు ఉత్తర తీరాన, ఆర్కిటిక్ వలయానికి సుమారు 400 కిలోమీటర్లు దక్షిణంగా ఉన్న ఈ పట్టణంలో దాదాపు 20 వేల మంది నివసిస్తున్నారు. ఊరి హద్దుల లోపలే జెయింట్ అనే పాత బంగారు గని ఉంది. 1948 నుంచి 2004 వరకు సాగిన తవ్వకాల్లో అక్కడి నుంచి 70 లక్షల ఔన్సులకు పైగా, అంటే దాదాపు 220 టన్నుల బంగారం బయటికి వెళ్ళింది. ఆ బంగారాన్ని రాబట్టే క్రమంలో పుట్టిన 2 లక్షల 37 వేల టన్నుల ఆర్సెనిక్ ట్రయాక్సైడ్ పొడి మాత్రం గని గదుల్లోనే ఉండిపోయింది. లెక్క వేస్తే, ప్రతి కిలో బంగారానికీ వెయ్యి కిలోలకు పైగా విషం అక్కడే మిగిలింది.

మన పెద్దలు పాషాణం అని పిలిచిన పదార్థం ఇదే. ఒక మనిషి ప్రాణం తీయడానికి చిటికెడు సరిపోతుంది. నీటిలో కరుగుతుంది. కాలం గడిచేకొద్దీ తీవ్రత తగ్గిపోయే రేడియోధార్మిక పదార్థాల వంటిది కాదు. ఆర్సెనిక్ ఒక మూలకం కనుక వంద ఏళ్ళకైనా వెయ్యేళ్ళకైనా ఆర్సెనిక్‌గానే ఉంటుంది. కంపెనీ దివాలా తీసిన తరువాత ఈ బాధ్యత కెనడా సమాఖ్య ప్రభుత్వం మీద పడింది. 2022లో ప్రభుత్వం ప్రకటించిన అంచనా ప్రకారం శుద్ధి ఖర్చు 438 కోట్ల కెనడా డాలర్లు. అంత ఖర్చు పెట్టినా ఆ పొడి అక్కడి నుంచి కదలదు. దాన్ని గడ్డకట్టించి ఉంచడానికే ఆ ఖర్చు. ఒక సంపన్న దేశం, భూగర్భ శాస్త్రంలో ఆరితేరిన నిపుణులున్న దేశం, ఇలాంటి పరిస్థితికి ఎలా చేరిందన్నది అంచెలంచెలుగా చూస్తే తప్ప అర్థం కాదు. ఆ దారిలో వేసిన ప్రతి అడుగూ వేసిన నాటికి సబబుగానే కనిపించింది, నన్ను అన్నిటికంటే కలవరపెట్టే విషయం అదే.

బంగారం కంటే ముందు

ఈ ప్రాంతం యెల్లోనైవ్స్ డెనే ప్రజలది. కారిబూ దుప్పుల మందల వెంట తిరుగుతూ, సరస్సులో చేపలు పడుతూ, వేసవి చివర అడవి పండ్లు ఏరుకుంటూ బతికిన జనం వారు. 1900లో గ్రేట్ స్లేవ్ సరస్సు చుట్టుపక్కల డెనే నాయకులు బ్రిటిష్ రాజరికంతో 8వ నంబరు ఒప్పందంలో చేరారు. అది స్నేహపూర్వకంగా కలిసి బతకడానికి, తమ వేటకూ చేపలకూ ఆటంకం లేకుండా ఉండడానికి చేసుకున్న ఒప్పందమని డెనే పెద్దలు మొదటి నుంచీ చెబుతున్నారు; భూమి హక్కులు వదులుకున్న పత్రంగా ప్రభుత్వం దాన్ని చదివింది. తరువాత జరిగిన ప్రతి తగాదా వెనకా ఈ తేడా కనిపిస్తుంది.

1930లలో చిన్న విమానాలు సరస్సుల మీద దిగడం మొదలయ్యాక ఖనిజాన్వేషకులు ఈ మారుమూలకు చేరగలిగారు. జానీ బేకర్ అనే అన్వేషకుడు 1935లో యెల్లోనైఫ్ అఖాతం ఒడ్డున జెయింట్ పేరుతో హద్దురాళ్ళు పాతాడు. అయితే పట్టణాన్ని ముందుగా నిలబెట్టింది దాని పక్కనున్న కాన్ గని. 1938లో అక్కడ మొదటి బంగారు కడ్డీ పోతపోశారు. రెండో ప్రపంచ యుద్ధం వల్ల మనుషులూ సామగ్రీ కరువై పనులు మందగించాయి. 1944లో జెయింట్ హద్దుల్లో జరిపిన డ్రిల్లింగ్‌లో పెద్ద నిక్షేపం బయటపడడంతో యుద్ధం ముగిసీ ముగియగానే జనం మళ్ళీ ఎగబడ్డారు. 1948లో జెయింట్ ఉత్పత్తి మొదలైంది.

అప్పటికి ఊరికి రోడ్డు లేదు. 1960 ప్రాంతంలో గాని దక్షిణాది నుంచి రహదారి చేరలేదు. ఆ తరువాత కూడా 2012లో మెకంజీ నది మీద వంతెన కట్టేదాకా వేసవిలో పంటు మీద, చలికాలంలో గడ్డకట్టిన నది మీదుగా వాహనాలు నడిచాయి. నది సగం కరిగీ సగం గడ్డకట్టీ ఉండే వారాల్లో సరుకులు విమానంలో రావలసిందే. ఇంత దూరంలో ఉండడం గనికి అనుకూలించింది. ఏం జరుగుతోందో చూసేవాళ్ళు తక్కువ. చూసిన డెనే ప్రజల మాట వినేవాళ్ళు అంతకంటే తక్కువ.

బంగారానికి పొగ ఎందుకు

బంగారు ముడిరాళ్ళన్నీ ఒకే రకంగా ఉండవు. కొన్ని చోట్ల బంగారం పలుగు రాయిలో రేణువులుగా విడిగా దొరుకుతుంది. రాయిని పిండి కొట్టి సైనైడ్ ద్రావణంలో నానబెడితే బంగారం కరిగి వస్తుంది. జెయింట్ రాయి అలాంటిది కాదు. అక్కడి బంగారం ఆర్సెనోపైరైట్ అనే ఖనిజం లోపల, కంటికి కనిపించనంత సన్నగా బిగుసుకుపోయి ఉంది. ఇనుము, ఆర్సెనిక్, గంధకం కలిసిన ఈ ఖనిజంలోకి సైనైడ్ చొరబడలేదు. అందువల్ల పిండి కొట్టిన ఖనిజాన్ని ముందుగా బట్టీలో కాల్చాలి. కాల్చినప్పుడు గంధకం సల్ఫర్ డయాక్సైడ్ వాయువుగా, ఆర్సెనిక్ తన ట్రయాక్సైడ్ ఆవిరిగా విడిపోతాయి. మిగిలిన గుల్లబారిన పదార్థంలోకి సైనైడ్ సులువుగా పోతుంది. బయటికి వచ్చిన ఆవిరి చల్లబడిన చోటల్లా సన్నని పొడిగా మారి రాలుతుంది.

1949లో బట్టీ వెలిగింది. పొగను వడగట్టే ఏర్పాటు ఏదీ లేకుండానే మొదటి రెండేళ్ళు గొట్టం నుంచి రోజుకు 7 వేల కిలోలకు పైగా ఆర్సెనిక్ ట్రయాక్సైడ్ గాలిలో కలిసిందని తరువాతి అంచనాలు చెబుతున్నాయి. 1999లో బట్టీ ఆరిపోయేలోగా ఇలా గాలిలోకి వెళ్ళిన మొత్తం దాదాపు 20 వేల టన్నులు ఉంటుందని, అందులో అత్యధిక భాగం మొదటి పదిహేనేళ్ళలోనే వెళ్ళిందని లెక్క కట్టారు.

గాలిలో కలిసిన పొడి మంచు మీద పడింది. ఆ ఊళ్ళో ఏడాదిలో సగానికి పైగా నేల మంచు కప్పుకునే ఉంటుంది. సరస్సు మీద ఒక మీటరు మందాన గడ్డ పేరుకుంటుంది. ఆ గడ్డను పగలగొట్టి నీళ్ళు తోడుకోవడం కంటే ఇంటి పక్కనే ఉన్న మంచును బకెట్‌కెత్తి పొయ్యి మీద కరిగించుకోవడం తేలిక. డెనే కుటుంబాలు తరతరాలుగా అలాగే చేశాయి. నెలల తరబడి పొరలు పొరలుగా పేరుకున్న విషం, వసంతంలో మంచు కరిగే నాటికి గిన్నెలోకీ గుంటల్లోకీ ఒక్కసారిగా దిగింది. 1951 వసంతంలో యెల్లోనైఫ్ అఖాతంలోని లాథమ్ ద్వీపం మీద రెండేళ్ళ డెనే బాలుడు ఆర్సెనిక్ విషంతో చనిపోయాడు. ఇంకా ఎందరో జబ్బుపడ్డారు, పశువులు చనిపోయాయి. కంపెనీ ఆ తల్లిదండ్రులకు పరిహారంగా 750 డాలర్లు ఇచ్చింది.

మంచు కరిగించిన నీళ్ళు తాగవద్దన్న హెచ్చరికలు వెలువడ్డాయి. కాని అవి ఇంగ్లీషులో, పత్రికా ప్రకటనలుగా, బోర్డులుగా వచ్చాయి. అప్పటి డెనే కుటుంబాల్లో ఎక్కువ మందికి ఇంగ్లీషు చదవడం రాదు. ముప్పు గురించి యాజమాన్యానికీ ప్రభుత్వానికీ తెలియదని, అందుకే ఇలా జరిగిందని చెప్పడానికి వీల్లేదు. ఆర్సెనిక్ విషమని శతాబ్దాలుగా లోకానికి తెలుసు, ఆరోగ్య శాఖ అధికారులు పొగ గురించి అంతకు ముందే ఆందోళన చెందారు కూడా. వడపోత యంత్రం వచ్చేదాకా బట్టీ ఆపాలన్న ఆలోచన మాత్రం నిర్ణయంగా మారలేదు. బంగారం ధర ఔన్సుకు 35 డాలర్లుగా స్థిరపడి ఉన్న రోజుల్లో పని ఆపితే గని మూతపడుతుందన్న భయానిదే పైచేయి అయింది.

తాత్కాలికం అనుకున్న గోదాము

1951 చివర విద్యుదావేశంతో దుమ్మును పట్టే యంత్రాన్ని, 1958లో గుడ్డ సంచుల వడపోత గదిని అమర్చారు. పొగ బాగా తగ్గింది. అక్కడి నుంచే అసలు చిక్కు మొదలైంది, ఎందుకంటే పట్టిన పొడిని ఎక్కడో ఒక చోట పెట్టాలి. గని లోపల రాతిలో ప్రత్యేకంగా గదులు తొలిచి, గొట్టాల ద్వారా గాలి ఒత్తిడితో పొడిని వాటిలోకి ఊది, నిండిన తరువాత కాంక్రీటు గోడలతో మూసివేశారు. కొత్త గదులు తొలవడం ఖర్చనిపించినప్పుడు, ఖనిజం తీయగా మిగిలిన పాత ఖాళీలను వాడుకున్నారు. ఇలా దాదాపు అర్ధశతాబ్దం పాటు నింపిన గదులూ ఖాళీలూ పదిహేను దాకా ఉన్నాయి. కొన్నిటిలో పదంతస్తుల భవనం పడుతుంది.

దీని వెనక ఒక శాస్త్రీయ ఊహ ఉంది. ఆ ప్రాంతంలో నేల లోపలి పొరలు చాలా చోట్ల ఏడాది పొడవునా గడ్డకట్టి ఉంటాయి. గని తవ్వకం వల్ల కొంత వేడెక్కినా, గదులు మూశాక చుట్టూ ఉన్న రాయి తిరిగి గడ్డకడుతుందని, గడ్డకట్టిన రాతిలోకి నీరు రాదు కనుక పొడి అక్కడే భద్రంగా ఉంటుందని ఇంజనీర్లు భావించారు. ఎప్పటికైనా ఆర్సెనిక్‌కు గిరాకీ పెరిగితే తీసి అమ్ముకోవచ్చన్న ఆశ కూడా ఉండేది. పురుగుమందుల్లోనూ కలపకు చెదలు పట్టకుండా పూసే మందుల్లోనూ అప్పట్లో దాన్ని వాడేవారు.

రెండు లెక్కలూ తప్పాయి. యెల్లోనైఫ్ దగ్గర గడ్డకట్టిన నేల అవిచ్ఛిన్నంగా లేదు. అతుకులు అతుకులుగా ఉంది. ఏళ్ళ తరబడి సొరంగాల్లోకి గాలిని పంపడం, 1970ల నుంచి పైనుంచి బహిరంగ గోతులు తవ్వడం వల్ల ఉన్నది కూడా కరిగింది. రాయి తిరిగి గడ్డకట్టలేదు. ఆర్సెనిక్ మార్కెట్టు పెరగలేదు సరికదా, ఆరోగ్య నిబంధనలు బిగిసే కొద్దీ కుంచించుకుపోయింది. మొదటి ఊహ పనిచేయడం లేదని తెలిశాక కూడా గదులు నింపడం ఆగకపోవడాన్ని నేను అందరికంటే పర్యవేక్షణ సంస్థల తప్పుగానే చూస్తాను. ప్రతి ఏడాదీ మరికొన్ని వేల టన్నులు చేరుతున్నప్పుడు, ఇది ఎక్కడికి పోతుందని అడగవలసిన అధికారం వారి చేతుల్లోనే ఉంది.

గాలి సంగతి ఇలా ఉండగా నీటి సంగతి వేరే దారి పట్టింది. 1960ల చివర పట్టణం తాగునీటిని అఖాతం నుంచి తీసుకోవడం మానేసి, యెల్లోనైఫ్ నది నుంచి నీటి అడుగున వేసిన సుమారు 8 కిలోమీటర్ల గొట్టం ద్వారా తెచ్చుకోవడం మొదలుపెట్టింది. పట్టణానికి అలా రక్షణ దొరికింది. అఖాతం అవతలి ఒడ్డున ఉన్న డెట్టా గ్రామానికీ, లాథమ్ ద్వీపం కొసన ఉన్న డిలో గ్రామానికీ అదే స్థాయి రక్షణ అదే సమయంలో అందలేదు.

1970లలో విషయం జాతీయ స్థాయికి వెళ్ళింది. ఆదివాసీల జాతీయ సంఘమైన నేషనల్ ఇండియన్ బ్రదర్‌హుడ్, ఉక్కు కార్మికుల యూనియన్, టొరంటో విశ్వవిద్యాలయ పరిశోధకులు కలిసి గని కార్మికుల, డెనే పిల్లల జుట్టు నమూనాలు పరీక్షించి, అధిక స్థాయిలో ఆర్సెనిక్ ఉందని 1977లో ప్రకటించారు. కంపెనీతో నిత్యం పేచీ పడే కార్మిక సంఘమూ, కంపెనీ వల్ల భూమి చెడిన ఆదివాసులూ ఒకే బల్ల దగ్గర కూర్చోవడం ఆ రోజుల్లో చిన్న విషయం కాదు. ప్రభుత్వం కెనడా ప్రజారోగ్య సంఘాన్ని విచారణకు నియమించింది. కొన్ని జాగ్రత్తలు సూచించిన ఆ నివేదిక, ప్రమాదం తీవ్రంగా లేదన్న ధోరణిలో ముగిసింది. పొగ ఇంకొంచెం తగ్గింది, నేల కింద గదులు నిండుతూనే ఉన్నాయి.

1992 సెప్టెంబరు 18

యెల్లోనైఫ్‌లో జెయింట్ పేరెత్తితే చాలా మందికి మొదట గుర్తొచ్చేది ఆర్సెనిక్ కాదు. 1990లో గనిని కొన్న రాయల్ ఓక్ మైన్స్ సంస్థ రెండేళ్ళు తిరగకముందే జీతాల కోత విషయమై యూనియన్‌తో తలపడింది. 1992 మే నెలలో పని ఆగింది. కంపెనీ బయటి నుంచి ప్రత్యామ్నాయ కార్మికులను విమానాల్లో దించి ఉత్పత్తి కొనసాగించింది. యూనియన్ సభ్యుల్లో కొందరు కూడా సమ్మె గీత దాటి పనిలోకి వెళ్ళారు. చిన్న ఊరు నిలువునా చీలింది. ఒకే వీధిలో ఉండేవాళ్ళు పలకరించుకోవడం మానేశారు.

సెప్టెంబరు 18న భూగర్భంలో కార్మికులను తీసుకెళ్తున్న బండి కింద బాంబు పేలి తొమ్మిది మంది చనిపోయారు. చనిపోయినవారిలో ప్రత్యామ్నాయ కార్మికులూ, గీత దాటిన యూనియన్ సభ్యులూ ఉన్నారు. ఏడాది తరువాత సమ్మెలో ఉన్న ఒక కార్మికుడిని అరెస్టు చేశారు. 1995లో అతనికి తొమ్మిది హత్యల నేరం మీద యావజ్జీవ శిక్ష పడింది. వివాదం 1993 చివర కార్మిక సంబంధాల బోర్డు జోక్యంతో ముగిసింది.

ఈ ఘటన ఊరి జ్ఞాపకంలో ఎంత లోతుగా దిగిందంటే, ఆ దశాబ్దమంతా గని గురించిన బహిరంగ చర్చ దాని చుట్టూనే తిరిగింది. అదే కాలంలో బంగారం ధర పడిపోయింది, కంపెనీ అప్పుల్లో కూరుకుపోయింది, మూసివేతకు ఎవరు ఎంత సొమ్ము దాచారన్న ప్రశ్న వెనక్కి పోయింది. 1999 ఏప్రిల్‌లో రాయల్ ఓక్ దివాలా తీసింది. దాని దగ్గర పూచీకత్తుగా తీసుకున్న సొమ్ము ఈ కాలుష్యం ముందు లెక్కలోకి రానంత తక్కువ. పర్యావరణ బాధ్యత మొత్తాన్ని సమాఖ్య ప్రభుత్వం నెత్తిన వేసుకుని, గనిని మిరామార్ సంస్థకు నామమాత్రంగా అప్పగించింది. ఆ సంస్థ కాల్చడం మానేసి ఖనిజాన్ని పక్కనున్న కాన్ గనికి పంపుతూ 2004 వరకు లాగింది. ఆ తరువాత జెయింట్ పూర్తిగా ప్రజల ఆస్తి అయింది, అప్పుతో సహా.

ఇక్కడ ఒక సంగతి గమనించాలి. సంవత్సరాల తరబడి లాభాలు తీసుకున్న పాత యాజమాన్యాల్లో ఎవరినీ ఈ ఖర్చు కట్టమని చట్టం పట్టుకోలేకపోయింది. ఈ అనుభవం తరువాత ఉత్తరాదిన తెరిచిన వజ్రాల గనుల నుంచి మూసివేత ఖర్చుకు సరిపడా పూచీకత్తు ముందుగానే తీసుకోవడం మొదలైంది. జెయింట్ నేర్పిన పాఠం ఇతర గనులకు పనికొచ్చింది, జెయింట్‌కు మాత్రం రాలేదు.

గడ్డకట్టించే పథకం

పొడిని ఏం చేయాలన్న దాని మీద నిపుణులు యాభైకి పైగా పద్ధతులు పరిశీలించారు. బయటికి తీసి వేరే చోటికి తరలించవచ్చు. గాజుగానో కరగని ఇనుప సమ్మేళనంగానో మార్చవచ్చు. ఉన్న చోటే సిమెంటుతో బిగించవచ్చు. ఉన్న చోటే గడ్డకట్టించవచ్చు. బయటికి తీసే పద్ధతులన్నిటిలో ఉన్న ప్రమాదం ఒక్కటే. ముఖపు పౌడరంత మెత్తని విషాన్ని, యాభై ఏళ్ళనాటి బలహీనపడిన రాతి గదుల నుంచి, మనుషుల చేతో యంత్రాల చేతో తవ్వించాలి. అందులో ఒక గది కూలినా, నీళ్ళు దిగినా నష్టం సరిచేయలేనిది. కాబట్టి ప్రభుత్వ బృందం గడ్డకట్టించడాన్ని ఎంచుకుంది.

ఇందుకు వాడే సాధనం థర్మోసైఫన్. లోపల ఒత్తిడితో కార్బన్ డయాక్సైడ్ నింపి రెండు వైపులా మూసిన పొడవాటి ఉక్కు గొట్టాన్ని గది చుట్టూ రాతిలోకి దించుతారు. దాని పై కొస రెక్కలతో బయటి గాలిలో ఉంటుంది. చలికాలంలో బయట మైనస్ 30 డిగ్రీలున్నప్పుడు పై కొసలోని వాయువు ద్రవంగా మారి, ఉడుకుతున్న గిన్నె మూతకు పట్టిన ఆవిరి బొట్లుబొట్లుగా మళ్ళీ గిన్నెలోకి జారినట్టు, గొట్టం గోడల వెంట కిందికి జారుతుంది. అడుగున రాతి వేడికి తిరిగి ఆవిరై పైకి వస్తూ ఆ వేడిని బయటికి మోసుకొస్తుంది. కరెంటు అక్కరలేదు, మోటారు లేదు. వేసవిలో పై కొస వెచ్చగా ఉంటుంది కనుక దానంతటదే ఆగిపోతుంది. ఇలాంటి గొట్టాలు వందల సంఖ్యలో అమర్చి, గది చుట్టూ రాతిని మైనస్ 5 డిగ్రీలకు తీసుకెళ్ళాలన్నది లక్ష్యం. 2011లో ఒక గది చుట్టూ ప్రయోగం మొదలుపెట్టి, రాయి అనుకున్నట్టే గడ్డకడుతుందని నిర్ధారించుకున్నారు.

పద్ధతి తెలివైనదే, దానికి వంక పెట్టవలసిన పని లేదు. అయితే దాని ఆయుష్షు ఉత్తరాది చలి మీద ఆధారపడి ఉంది. భూగోళం సగటు కంటే వేగంగా వేడెక్కుతున్న ప్రాంతాల్లో ఇది ఒకటి. రాబోయే వంద ఏళ్ళ ఉష్ణోగ్రతలను లెక్కలోకి తీసుకునే రూపకల్పన చేశామని ఇంజనీర్లు అంటారు. ఆ మాటను నమ్మవచ్చు. వంద ఏళ్ళ తరువాత గొట్టాలు మార్చాలి, ఆ తరువాత మళ్ళీ మార్చాలి.

గడ్డకట్టించినంత మాత్రాన నీటి పని తీరదు. గని సొరంగాలన్నీ ఒకదానికొకటి కలిసి ఉన్నాయి. ఊట నీరు పైకి వచ్చి గదులను తాకకుండా పంపులతో ఎప్పటికప్పుడు తోడి, ఆర్సెనిక్ తీసేసి, శుభ్రం చేశాక వదలాలి. గని స్థలం మధ్య నుంచే బేకర్ వాగు పారుతుంది. వసంతంలో అది పొంగి గోతుల్లోకి దిగకుండా దారి సరిచేయాలి. నేల మీద కోటి టన్నులకు పైగా మిల్లు వ్యర్థాలు చెరువుల్లా పరుచుకుని ఉన్నాయి. వాటి మీద రాయీ మట్టీ కప్పాలి. బట్టీ భవనాలను 2013, 2014 సంవత్సరాల్లో కూల్చారు. ప్రధాన శుద్ధి పనులు 2021లో మొదలయ్యాయి, 2038 దాకా సాగుతాయని అంచనా. పంపులకు మాత్రం ముగింపు తేదీ లేదు.

ఊరు అడగకపోతే

ఈ పథకం మొదటి రూపంలో గడ్డకట్టించడాన్ని శాశ్వత పరిష్కారంగా ప్రతిపాదించారు. పూర్తి పర్యావరణ సమీక్ష లేకుండానే పని మొదలయ్యేది. 2008లో యెల్లోనైఫ్ నగరపాలక సంస్థ తన అధికారాన్ని ఉపయోగించి ఆ ప్రాజెక్టును సమీక్షా మండలికి పంపింది. డెనే పెద్దలు, పట్టణ వాసులు, స్వచ్ఛంద సంఘాల వారు విచారణల్లో పదే పదే ఒకే ప్రశ్న వేశారు: శాశ్వతం అంటే ఎన్నేళ్ళు, అంతకాలం ఎవరు చూస్తారు? 2013లో మండలి ఇచ్చిన నివేదిక, 2014లో మంత్రులు ఆమోదించిన షరతులు పథకం స్వభావాన్నే మార్చాయి. గడ్డకట్టించడం వంద ఏళ్ళకు మించని మధ్యంతర ఏర్పాటు మాత్రమేనని, ప్రతి 20 ఏళ్ళకూ స్వతంత్ర సమీక్ష జరగాలని, ఈలోగా శాశ్వత పరిష్కారం కోసం పరిశోధనకు నిధులివ్వాలని నిర్దేశించారు. 2015 ఒప్పందంతో ఏర్పడిన స్వతంత్ర పర్యవేక్షణ మండలి ఆ పరిశోధనను నడిపిస్తోంది. పొడిని గాజుగా మార్చే పద్ధతి వాటిలో ఒకటి.

నిపుణుల సమాధానానికీ సామాన్యుల ప్రశ్నకూ మధ్య ఇంత స్పష్టమైన తేడా తెచ్చిన సందర్భాలు గనుల చరిత్రలో తక్కువ. డెనే పెద్దలు విచారణలో మాట్లాడింది రసాయన శాస్త్రం కాదు. ఒకప్పుడు బేకర్ వాగు దగ్గర చేపలు పట్టినవాళ్ళు, అక్కడ పండ్లు ఏరుకున్నవాళ్ళు, ఆ చోటు వదిలేయవలసి రావడం గురించి మాట్లాడారు. చుట్టుపక్కల ఉన్న అనేక చిన్న సరస్సుల్లో ఆర్సెనిక్ ఇప్పటికీ ఎక్కువగా ఉంది. కొన్నిటి నీళ్ళు తాగవద్దని, చేపలు తినవద్దని, ఈదవద్దని ప్రభుత్వ ఆరోగ్య శాఖ సూచనలు అమల్లో ఉన్నాయి. గొట్టం నుంచి పొగ ఆగి పాతికేళ్ళు దాటినా సరస్సుల అడుగు మట్టిలో చేరినది నెమ్మదిగా నీటిలోకి వస్తూనే ఉంది. శుద్ధి పథకం గని హద్దుల లోపలికే పరిమితం. ఈ సరస్సులు దాని బయట ఉన్నాయి.

యెల్లోనైవ్స్ డెనే ఫస్ట్ నేషన్ చాలా ఏళ్ళుగా సమాఖ్య ప్రభుత్వం నుంచి అధికారిక క్షమాపణ, నష్టపరిహారం, శుద్ధి పనుల్లో ఉద్యోగాలూ కాంట్రాక్టులూ కోరుతోంది. ఆ దిశగా 2021లో కొన్ని ఒప్పందాలు కుదిరాయి. బంగారం తీసినన్నాళ్ళూ ఈ సమాజానికి ఒప్పందం ప్రకారం అందిన వాటా ఏదీ లేదన్నది గుర్తుంచుకుంటే, శుద్ధి పనిలోనైనా ముందు వరుస తమదేనన్న వారి వాదన ఎంత న్యాయమైనదో తెలుస్తుంది. వజ్రాల గనులు కూడా మూసివేత దశకు చేరుతున్న ఈ రోజుల్లో, పాత గనిని కాపలా కాయడమే ఊరికి మిగిలిన పెద్ద ఉపాధుల్లో ఒకటి.

2023 ఆగస్టులో కార్చిచ్చు దగ్గరపడడంతో యెల్లోనైఫ్ జనాభా మొత్తాన్ని ఖాళీ చేయించారు. కొన్ని రోజుల్లో 20 వేల మంది రోడ్డు మీదా విమానాల్లోనూ దక్షిణాదికి వెళ్ళిపోయి, మూడు వారాల దాకా తిరిగి రాలేకపోయారు. ఊరే లేని రోజు కూడా జెయింట్ కింద నీరు ఊరుతుంది. 2015 నాటి పర్యావరణ ఒప్పందంలో కోరిన శాశ్వత సంరక్షణ ప్రణాళిక ఇలాంటి వాటికే జవాబు చెప్పాలి: గని పటాలూ రికార్డులూ ఎక్కడెక్కడ, ఏ రూపంలో భద్రపరచాలి, ఇంగ్లీషు గాని డెనే భాషలు గాని ఇప్పటిలా అర్థం కాని కాలంలో ఇక్కడ తవ్వవద్దని ఎలా చెప్పాలి, పంపు ఆగితే మొదట ఎవరికి తెలియాలి. నేల మీద బోర్డులు ఎండకూ మంచుకూ చెరిగిపోతాయి కాబట్టి ఈ సంగతిని కథలుగా, పిల్లలకు చెప్పే మాటలుగా నిలబెట్టాలన్న ఆలోచన కూడా ఈ చర్చల్లో వచ్చింది. 1951లో హెచ్చరిక చదవలేని వాళ్ళ దాకా చేరకపోవడం చూసిన సమాజానికి ఇది పుస్తకాల్లో చర్చించుకునే ప్రశ్న కాదు.

అన్నిటికంటే తేలనిది డబ్బు. శుద్ధికి నిధులు ఇప్పుడు ప్రభుత్వ బడ్జెట్ల నుంచి విడతలుగా వస్తున్నాయి. ఒక ప్రభుత్వం పొదుపు పాటించాలనుకుంటే కోత పడే అవకాశం ఎప్పుడూ ఉంటుంది. ఒకేసారి పెద్ద మొత్తం జమచేసి, దాని మీద వచ్చే వడ్డీతో పంపులూ పరీక్షలూ మరమ్మతులూ నడిచేలా ట్రస్టు నిధి పెట్టడం సహా దీర్ఘకాలిక నిధుల మార్గాలను పరిశీలించాలని 2014 షరతుల్లో ఒకటి చెబుతోంది. ఆ నిధి ఏర్పడాలని, దాన్ని ఏ మంత్రివర్గమూ తాకలేని విధంగా, డెనే ప్రతినిధుల చేతికి కూడా తాళం ఇచ్చి పెట్టాలని నా అభిప్రాయం. 2038లో యంత్రాలూ కాంట్రాక్టర్లూ వెళ్ళిపోయే లోపు అది జరగాలి, ఎందుకంటే ఆ తరువాత పత్రికలు రావు, పార్లమెంటులో ప్రశ్నలు రావు, ఏటా వచ్చేది నీటి శుద్ధి కేంద్రం కరెంటు బిల్లు ఒక్కటే.